మా అన్న కుప్పుస్వామి, నేను రాసిచ్చిన ప్రమాణం

మా అన్న కుప్పుస్వామి పుట్టు పిరికివాడు. తోడబుట్టినదాన్ని, నేను అనకూడదుగానీ, ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. ఎద్దు తల విదిలిస్తే గట్టు దిగిపోయేవాడు. ఉరిమితే మా అమ్మ పక్కన చేరేవాడు, అదీ మీసాలు వచ్చినాక. అటువంటివాడు సముద్రం దాటి అండమాను పోయి ఆరేళ్ళు ఉండి వచ్చాడంటే అది వాడి ధైర్యం కాదు, చెంగల్రాయుడి ధైర్యం.

చెంగల్రాయుడు మా వీధివాడే. మా అన్నకన్నా రెండేళ్ళు పెద్ద. గొడ్డలి పట్టాడంటే పొద్దు నెత్తికెక్కేలోగా చింతమాను నేలకూలాల్సిందే. ఎంత బలవంతుడో అంత నెమ్మదస్తుడు. ఎవరైనా మా అన్నను ఆటపట్టిస్తే అడ్డం వచ్చేది అతనే. అతను తింటే మా అన్న తినేవాడు, అతను లేస్తే లేచేవాడు. పెళ్ళి కూడా వాడు చెప్తేనే చేసుకుంటావేమో అని మా అమ్మ తిట్టేది.

మా ఊరు చిత్తూరుకూ కాణిపాకానికీ నడుమ ఉంది. చెరువు నిండితే వరి, నిండకపోతే వేరుశనగ, అదీ లేకపోతే దేవుడు. ముప్పైతొమ్మిదిలో ఆ మూడోదే మిగిలింది. మరుసటేడు మద్రాసు నుంచి ఒక మేస్త్రి వచ్చి, అండమానులో అడవి కొట్టడానికి మనుషులు కావాలన్నాడు. అండమాను అంటే అప్పటిదాకా మాకు తెలిసింది ఒకటే, ఖూనీలు చేసినవాళ్ళను పంపించే చోటు. మీరేం పాపం చేసినారని పోతారు అని మా అమ్మ ఏడ్చింది. చెంగల్రాయుడు పేరిచ్చాడు. అతనిచ్చాడు కాబట్టి మా అన్నా ఇచ్చాడు.

చెంగల్రాయుడి భార్య తిరుమలమ్మ. అప్పటికి పెళ్ళయి మూడేళ్ళు, పిల్లలు లేరు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నా పేరు పంకజాక్షి. పదమూడో ఏట పెళ్ళి, పద్నాలుగో ఏట విధవను. మొగుడి మొహం కూడా నాకు సరిగా గుర్తులేదు. మా నాయన ఊరి మాటలు చెవిన పెట్టకుండా నన్ను చిత్తూరులో చదివించి, పంతులమ్మ ట్రైనింగు చేయించి, మా ఊరి బడిలోనే పని ఇప్పించి కన్నుమూశాడు. ఊళ్ళో చదవనూ రాయనూ వచ్చిన ఆడది నేనొక్కతెనే. అందుకని అండమాను ఉత్తరాలు చదివేదీ, వాటికి జవాబులు రాసేదీ నేనే.

నెలకో రెణ్ణెల్లకో ఒక ఉత్తరం వచ్చేది. అక్కడి తెలుగు గుమాస్తా ఒకడు రాసిపెట్టేవాడు. ఇక్కడి మాన్లు గాలిగోపురమంత ఎత్తని, వాన మొదలైతే ఆరు నెలలు వదలదని, సముద్రపు నీళ్ళు చూస్తే కుప్పుస్వామి కాళ్ళు వణుకుతాయని రాయించేవాడు చెంగల్రాయుడు. తిరుమలక్క ఆ చివరి ముక్క రెండుసార్లు చదివించుకుని నవ్వేది. చదివేటప్పుడు నాకొక అలవాటు ఉండేది. జ్వరం అని ఉంటే జలుబు అని చదివేదాన్ని. మాను మీదపడి ఒకడు పోయాడని ఉంటే ఆ వాక్యమే దాటేసేదాన్ని. ఆమె నిద్ర చెడగొట్టడం ఎందుకని నా తెలివి. చదువుకున్నదాన్ని కదా, ఎదుటివాళ్ళకు ఎంత తెలిస్తే చాలో నాకే తెలుసుననుకున్నాను.

నలభైయొకటి జూన్ ఆఖర్లో, ఒక గురువారం సాయంత్రం, అండమాను సముద్రంలో భూమి కదిలింది. ఆ పొద్దు మా ఊళ్ళో కూడా ఉట్టిమీద కుండలు ఊగాయని తర్వాత చాలామంది చెప్పారు. నేను బడి మూసి ఇంటికి నడిచి వస్తున్నాను, నాకేమీ తెలియలేదు. మా ఊళ్ళో ఏ విశేషమైనా అది పేపర్లో పడ్డాకే అందరికీ ముందే తెలిసి ఉంటుంది. మద్రాసులో మిద్దెలు ఊగాయని, అండమానులో కట్టడాలు కూలాయని నాలుగు రోజులకు పేపరు వచ్చింది. తిరుమలక్క పరిగెత్తుకుంటూ బడికి వచ్చింది. పిల్లల ముందే నా చెయ్యి పట్టుకుంది.

"కొంచెం ఊగిందంట అక్కా," అన్నాను. "మనోళ్ళు ఉండేది అడవిలో గదా. మీద పడేదానికి ఆడ మిద్దెలు యాడివి?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. సముద్రం సంగతి మాకు తట్టనే లేదు. భూమి ఊగితే సముద్రం ఏం చేస్తుందో మెట్టనేలలో పుట్టినవాళ్ళకు ఎవరు చెబుతారు?

ఆ తర్వాత ఉత్తరం రాలేదు. జులై పోయింది, ఆగస్టు పోయింది. నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. ఆపైన జపానువాడు యుద్ధంలో దిగాడు, నలభైరెండు ఎండాకాలానికి అండమాను వాడి చేతిలో పడింది, అక్కడి తపాలా ఆగిపోయింది. ఇది తిరుమలక్కకు ఒక రకంగా మేలే చేసింది. ఉత్తరాలు రాకపోవడానికి ఊరందరికీ తెలిసిన కారణం ఒకటి దొరికింది. ఆ కారణాన్ని పట్టుకుని నాలుగేళ్ళు గడిపింది. కూలికి పోయింది, మొగుడి అన్న ఆదిమూలం ఇంట్లో చాకిరీ చేసింది, ఒక్క శుక్రవారం కూడా పసుపు రాసుకోకుండా లేదు.

యుద్ధం అయిపోయింది. నలభైయారు ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున, నేను బడి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తుంటే, మా అన్న ఊళ్ళోకి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. మనిషి కాదు, ఎముకల మూట. జుట్టు సగం నెరిసింది. వాడికి అప్పుడు ముప్పై కూడా నిండలేదు.

నేను వీధిలోకి వచ్చేసరికే తిరుమలక్క వాడి ముందు నిలబడి ఉంది. చేతులకు పేడ అంటి ఉంది. ఆమె వాడి వెనకాల దారిని చూస్తోంది. మా అన్న ఆమెను చూశాడు, నేలను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

"ఎనక ఓడలో వస్తాడు వదినా," అన్నాడు.

అంతే. ఆ మధ్యాహ్నమే తిరుమలక్క ఇల్లు అలికింది. వారం తిరిగేలోగా గోడలకు సున్నం కొట్టింది. మద్రాసు నుంచి ఎవరొచ్చినా, కాట్పాడి బండి దిగి ఎవరొచ్చినా, ఓడల సంగతి అడిగేది. మా అన్న ఆమె కనబడితే సందు మార్చి పోయేవాడు. ఆకలితో, దెబ్బలతో జపానువాళ్ళ కింద బతికి వచ్చినవాడు, మతి కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందిలే అని నేను సరిపెట్టుకున్నాను.

మతి కుదురుకోలేదు సరికదా, భయం కొత్తగా మొలిచింది. నేలమీద పడుకునేవాడు కాదు, నిచ్చెన వేసుకుని మిద్దెపైన పడుకునేవాడు. బావి దగ్గరికి పోడు. తొట్టిలో నీళ్ళు తగ్గుతుంటే చూడలేడు, లేచి వెళ్ళిపోతాడు. బండి గడగడమని పోయినా, పక్కింట్లో రోలు దొర్లించినా, గోడకు అరచేతులు ఆనించి నిలబడిపోయేవాడు. భూమి కదులుతోందా లేదా అని గోడను అడుగుతున్నట్టు ఉండేది. పిరికివాణ్ణి చిన్నప్పటినుంచీ ఎరుగుదును. ఇది పిరికితనం కాదు.

మేలో చెరువు అడుగంటింది. మా వైపు ఊళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలం ఆఖరుకు చెరువులో మోకాలి లోతు బురదనీళ్ళు మిగిలినప్పుడు ఊరిపెద్ద తప్పెట కొట్టిస్తాడు. ఇక ఆ రోజు చేపలు అందరివీ. చిన్నా పెద్దా, ఆడా మగా, బుట్టలూ చీరముక్కలూ తీసుకుని దిగుతారు. ముందు దిగినవాడిదే చేప. నీళ్ళు వెనక్కి తగ్గాయంటే అది మాకు పండగ. చెరువు ఎండటం కరువే, అయినా ఆ ఒక్కరోజు మాత్రం ఎవరికీ ఆ దిగులు ఉండదు.

తప్పెట మోగింది. బడికి సెలవిచ్చి నేనూ కట్టమీదికి వచ్చాను. ఊరంతా బురదలో ఉంది, అరుపులూ నవ్వులూ. అప్పుడు మా అన్న ఎక్కడినుంచి వచ్చాడో కట్టమీద పరిగెత్తుతూ వచ్చాడు.

"బయటికి రాండి, వచ్చేయండి, నీళ్ళొస్తాది," అని అరుస్తున్నాడు. కట్టదిగి బురదలోకి దూకి, చేతికందిన పిల్లలను రెక్కపట్టి గట్టుకు ఈడ్చాడు. ఒక పిల్లకు చెయ్యి బెణికింది. వాళ్ళ నాయన వచ్చి మా అన్న చెంప పగలగొట్టాడు. దెబ్బ తిని కూడా వాడు అరవడం ఆపలేదు. మొదట అందరూ నవ్వారు. వాడి గొంతు విని తర్వాత ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఆ బురదలోంచి తిరుమలక్క నిటారుగా లేచి వాడినే చూస్తోంది. ఆమె పక్కన ఆదిమూలం కూడా చూస్తున్నాడు.

నేను వాణ్ణి తూము పక్కకు లాక్కుపోయి కూర్చోబెట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. చెప్పు అన్నాను. చెప్పాడు.

ఆ గురువారం సాయంత్రం వీళ్ళిద్దరూ పని ముగించుకుని కొట్టం ముందు కూర్చుని ఉన్నారట. ముందు కుక్కలు అరిచాయి. తర్వాత నేల కదిలింది. లేచి నిలబడబోతే కాళ్ళు నిలవలేదు, ఇద్దరూ బోర్లా పడి గడ్డి పట్టుకున్నారు. జల్లెడలో గింజలను ఊపినట్టు ఊపిందట. మాన్లు విరిగి పడుతున్నాయి. ఎంతసేపు ఊపిందో తెలియదు, వాడు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ చెప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడట. ఆగినాక, మాన్ల కింద ఉంటే చస్తామని, ఖాళీగా ఉంటుందని సముద్రపు ఒడ్డుకు పరిగెత్తారు. సముద్రం లోపలికి వంగిన చిన్న మలుపు అది, అక్కడ ఇంకెవ్వరూ లేరు.

కొంతసేపటికి నీళ్ళు వెనక్కి పోయాయి. సముద్రం లేచి నడిచిపోతున్నట్టు పోయాయి. ఎన్నడూ చూడని రాళ్ళూ బురదా పైకి తేలాయి. ఆ బురదలో, ఎక్కడ చూసినా, చేతికందేటట్టు చేపలు ఎగిరి పడుతున్నాయి.

"మన సెరువే గుర్తొచ్చినాది పంకజా," అన్నాడు మా అన్న. "తప్పెట కొట్టిన దినం మాదిరే ఉండాది. అంతసేపు వణికి వణికి ఉంటిమి గదా, ఆ సేపల్ని సూసేతలికి నాకు నవ్వొచ్చినాది. నేనే అన్నా. రా అప్పా, ఎవరూ రాకముందే దిగుదాం అన్నా. వాడు రానన్యాడు. ఇది మనూరి సెరువు గాదప్పా, నాకేమో బాగలేదు అన్యాడు. నేను నవ్వినా. నేనే దిగతావుంటే నీకు భయమా అన్నా. ఎప్పుడూ వాళ్ళంతా నన్ననే మాట. ఆ పొద్దు నేనన్నా."

చెంగల్రాయుడు దిగాడు. దిగినాక ఏ పనైనా నిండుగా చేసే మనిషి, తువాలు విప్పి మూటలాగ పట్టుకుని పెద్ద చేపల కోసం లోపలికి పోయాడు. మా అన్న ఒడ్డు దగ్గరే ఏరుకుంటున్నాడు. ఉన్నట్టుండి చెరువుకట్ట తెగినప్పటి శబ్దం వినిపించింది. తలెత్తితే దూరంగా నీళ్ళు అడ్డంగా లేచి వస్తున్నాయి. మా అన్న పరిగెత్తాడు. పిలవలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. గట్టు ఎక్కి, ఒక మాను వేరు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు వాడి నడుము దాకా వచ్చి లాగాయి. మూడుసార్లు వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి సముద్రం తన చోటులో తాను ఉంది. చెంగల్రాయుడు లేడు. మరుసటి రోజూ, ఆ మరుసటి రోజూ ఒడ్డంతా వెతికాడు. తువాలు కూడా దొరకలేదు.

"ఉత్తరం రాయించాలని గుమాస్తా కాడికి నాలుగు మాట్లు పోతి," అన్నాడు. "ఏమని రాయించేది? నేనే పిలిస్తినని రాయించేదా?"

వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దు అన్నాను. ఆదిమూలం మంచివాడే కానీ కోపం వస్తే కొడవలికి పోయే మనిషి. అమ్మ కూడా లేకపోయాక, మా అన్నకు నేను తప్ప ఎవరున్నారు?

కానీ చెరువులో ఆ అరుపు ఊరంతా విన్నది. "నీళ్ళొస్తాది" అన్న మాట ఆదిమూలం చెవిలో నాటుకుంది. వారం లోపలే నలుగురు పెద్దలను పిలిచి కూర్చున్నాడు.

"వీడేదో దాస్తాండాడు," అన్నాడు. "నా తమ్ముడు బతికుంటే సంతోషం. పోయింటే, కర్మ సేయకుండా అయిదేండ్లు ఉంచినాం. మా ఇంట్లో గొడ్డు నిలవడంల్యా, బిడ్డ నిలవడంల్యా. కాణిపాకంలో ప్రమాణం సేయమనండి. అప్పుడు నమ్ముతా."

మా వైపు కోర్టులో అబద్ధమాడినవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు ఆడడు. అక్కడ తప్పు ప్రమాణం చేసినవాడు బాగుపడడని పుట్టినప్పటినుంచీ వింటాం. అందుకే ఏమని ప్రమాణం చేయాలో ఊళ్ళోనే ముందుగా పెద్దల ఎదుట ఖాయం చేసుకుని పోతారు, అక్కడికి పోయినాక మాటలు మార్చకూడదు. "చెంగల్రాయుడు బతికే ఉండాడు" అని చెప్పాలన్నాడు ఆదిమూలం. మా అన్న నా వైపు చూశాడు. అప్పుడు నేను లేచాను.

"సముద్రం అవతల ఉండే మనిషి ఈ పొద్దు బతికుండాడో లేదో వీడికెట్ల తెలుస్తాది? కంటితో సూసిందే గదా ప్రమాణం సేయగలడు," అన్నాను. "సచ్చిపోవడం నేను కండ్లతో సూడలేదు అని సెప్పమనండి."

పంతులమ్మ మాట సబబుగా ఉందని పెద్దలు తలలూపారు. కాగితం మీద నన్నే రాయమన్నారు. "చెంగల్రాయుడు చనిపోవడం నేను కళ్ళతో చూడలేదు" అని గుండ్రంగా రాసిచ్చాను. అందులో అబద్ధం లేదు. కళ్ళు మూసుకున్నవాడు ఏం చూస్తాడు? ఇంటికి వచ్చి మా అన్నకు అదే చెప్పాను, దేవుడు నిన్ను పట్టుకోలేడు అన్నాను. తిరుమలక్కకు నా గతి పట్టకుండా కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఉత్త మాట అది. నేను కాపాడింది మా అన్నను.

ప్రమాణానికి ముందున్న నాలుగు రోజులూ వాడు అన్నం ముట్టలేదు. కాణిపాకం పోయే దారిలో రెండుసార్లు వెనక్కి మళ్ళబోయాడు. నేను పక్కనే నడుస్తూ, ఒక్క మాటే గదన్నా, ఒక్క మాటే అంటూ వచ్చాను.

స్నానం చేసి తడిబట్టలతో గుళ్ళో నిలబడ్డాడు. ఆదిమూలం, ఇద్దరు పెద్దలు, తిరుమలక్క, నేను. ఆమె ఉతికిన చీర కట్టుకుని, నిండుగా పసుపు రాసుకుని వచ్చింది. ఆమె చేతులు రెండూ మంగళసూత్రాన్ని పట్టుకుని ఉన్నాయి. నేను కాగితం చదివాను. మా అన్న కర్పూరం మీద చెయ్యి పెట్టి, ఆ మాటే చెప్పాడు.

తిరుమలక్క మొహం చూశాను. అయిదేళ్ళలో నేను చూడని మొహం. ఆమె అక్కడే సాష్టాంగపడి లేచి, టెంకాయ కొట్టించి, చిప్పలోంచి ఒక ముక్క తీసి మా అన్న చేతిలో పెట్టింది.

"సల్లని మాట సెప్పినావు నాయనా. ఆయన వచ్చిందాకా ఎన్నేండ్లయినా ఉంటా. ముసిలిదాన్నయినా సరే," అంది.

మంటపంలోకి వచ్చాం. మా అన్న ఆ టెంకాయ ముక్క వైపే చూస్తూ నడిచాడు. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. నేను జబ్బ పట్టుకుని లేపబోయాను, నా చెయ్యి తోసేశాడు. నా చెయ్యి వాడు తోసేయడం అదే మొదలు.

"వదినా, ఎదురు సూడొద్దు," అన్నాడు.

అంతా చెప్పాడు. భూమి ఊగడం, నీళ్ళు పోవడం, చేపలు, తాను పిలవడం, అతను రానంటే తాను ఎగతాళి చేయడం. ఒక్క ముక్క దాచలేదు. ఆదిమూలం చెయ్యెత్తాడు. మా అన్న తల వంచుకుని ఆ దెబ్బ కోసం ఎదురు చూశాడు, తప్పించుకోలేదు. ఎద్దు తల విదిలిస్తే గట్టు దిగేవాడు, అక్కడ మాత్రం కదలలేదు.

"వద్దు బావా," అంది తిరుమలక్క. ఆమె గొంతు ఏమీ మారలేదు. మా అన్న ముందు కూర్చుంది. "ఎనక్కి తిరిగి సూడనే లేదా?"

"లేదు వదినా."

"పిలిచింటే వచ్చునా?"

"తెలీదు. చానా దూరంలో ఉన్యాడు. పిలవలేదు. భయం."

భక్తులు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. "అంత నీళ్ళొస్తే ఎవురైనా పరిగెత్తుతారు," అంది చివరకు. "నువ్వు పిలిచినావు, ఆయన దిగినాడు. మన సెరువులో దిగనోడెవుడు."

అప్పుడు నా వైపు తిరిగింది. కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఈ మాట రాసింది నువ్వే గదా పంకజా."

తల ఊపాను.

"రాసేటప్పుడే నీకు తెలుసు."

"తెలుసక్కా," అన్నాను. "నాకు పట్టిన గతి నీకు పట్టకూడదని..."

"నీ మొగుడు పోయినాడని మీ నాయన నీకు ఆ పొద్దే సెప్పినాడు," అంది. "నాకెందుకు సెప్పలేదు?"

ఆమె లేచి వెళ్ళిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను, ఆ మాట ఊరికే అనడం లేదు.

మా అన్న ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు. సేద్యం చేశాడు, ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలను కన్నాడు. మిద్దెపైన పడుకోవడం మాత్రం మానలేదు. చెంగల్రాయుడి తద్దినానికి ఏటా తిరుమలక్క కబురు పంపేది. వాడు పోయి అందరితో పాటు కూర్చునేవాడు, ఆమే వడ్డించేది. తన మొగుడి ఆఖరు ఘడియ చూసిన మనిషి వాడొక్కడే కదా, చూడకపోయినా. ఆ చేపలు ఏ మాదిరి ఉన్నాయి, ఆయన ఏం మాట్లాడాడు అని అడిగేదట. వాడు చెప్పేవాడట. తిరిగి వచ్చినప్పుడు మొహం కొంచెం తేటగా ఉండేది.

ఆ ఏడు కాణిపాకం నుంచి వచ్చిన మూడోనాడు దర్భలతో బొమ్మ చేసి, దాన్ని చెంగల్రాయుడనుకుని దహనం చేశారు. కర్మ చివరి రోజు తిరుమలక్కకు పసుపూ గాజులూ తీసే తంతు. మా ఊళ్ళో ఆ పని చేసేది విధవలే. ముందురోజు సాయంత్రం వీధిలో ఇల్లిల్లూ తిరిగి వాళ్ళను పిలిచారు. నేను తెల్లవారకముందే తలస్నానం చేసి, వాకిట్లో కూర్చున్నాను. అందరూ మా వాకిలి ముందునుంచే నడిచిపోయారు. ఊళ్ళో విధవలు నాతో కలిపి పదకొండు మంది. పదిమందికి కబురు వచ్చింది.